వడగాడ్పుల ప్రణాళిక కలెక్టరేట్ దాటి ఊళ్లోకి ఎందుకు రాదు?

కేంద్ర మార్గదర్శకాలున్నాయి, రాష్ట్ర ప్రణాళిక ఉంది, జిల్లా సమీక్షలూ జరుగుతున్నాయి, అయినా ఊళ్లో ఏదీ కదలదేం అని అడిగారు. హెచ్చరికలో లోపం లేదు. ఐఎండీ (భారత వాతావరణ శాఖ) లెక్క స్పష్టం: మైదానంలో కనీసం 40 డిగ్రీలు, తీరంలో 37 ఉండి, మామూలు కంటే 4.5 పెరిగితే వడగాడ్పు. 45 తాకితే ఆ పోలిక కూడా అక్కర్లేదు. ఏపీ విపత్తుల సంస్థ మండలాలవారీ జాబితానే ఇస్తోంది.

చిక్కంతా ఉత్తర్వు నడిచే దారిలో. ఆరెంజ్ అలర్ట్ (సిద్ధంగా ఉండమనే హెచ్చరిక) రెవెన్యూ వాట్సాప్ గ్రూపులో పడుతుంది. ఉపాధి హామీ కూలీల పని చూసే మేట్ ఆ గ్రూపులో ఉండడు, ఉన్నా మండలంలో ఆ పథకం చూసే ఏపీవో చెప్పందే పని ఆపడు. అంగన్‌వాడీ టీచర్ సూపర్‌వైజర్ మాటే వింటుంది. అందుకే "ఆరెంజ్ వస్తే పని 11 గంటలకు ఆపాలి" లాంటి ఉత్తర్వుల మీద ప్రతి శాఖ జిల్లా అధికారితో మార్చి మొదట్లోనే సంతకం చేయించాలి. అలర్ట్ వచ్చిన రోజు కొత్త ఉత్తర్వు కోసం ఎదురుచూస్తే సాయంత్రమవుతుంది.

తర్వాత డబ్బు. ఎండలు ముదిరేది సరిగ్గా ఖర్చు కాని బడ్జెట్ మురిగిపోయే మార్చి 31 అటూ ఇటూ. కొత్త బీఆర్వోల (బడ్జెట్ విడుదల ఉత్తర్వుల) కోసం కూర్చుంటే ఏప్రిల్ గడిచిపోతుంది. ఓఆర్‌ఎస్, సెలైన్ ఇండెంట్లు ఫిబ్రవరిలోనే పెట్టండి. చలివేంద్రాల ఖర్చుకు పంచాయతీ తీర్మానమూ అప్పుడే.

2021-26 ఎస్‌డీఆర్‌ఎఫ్ (రాష్ట్ర విపత్తు సహాయ నిధి) నిబంధనల్లో జాతీయ విపత్తుల జాబితాలో వడగాడ్పు ఉండేది కాదు. రాష్ట్రం తన విపత్తుగా ప్రకటించుకుంటే నిధిలో 10 శాతం వరకు వాడుకునే వీలుండేది. 2025లో తెలంగాణ ప్రకటించి, పరిహారం 4 లక్షలు చేసింది. ఇలాంటి ఉత్తర్వు ఉంటే కాపీని జిల్లా ప్రణాళికకు జతచేయండి, బిల్లు దగ్గర ముందుగా అడిగేది దాన్నే.

మరణాల లెక్క అన్నిటికంటే అధ్వానం. తహసీల్దార్, ఎస్సై, మెడికల్ ఆఫీసర్ల కమిటీ వడదెబ్బ అని తేల్చాలి. ఈలోపే దహనం అయిపోతుంది, పోస్టుమార్టం ఉండదు, కేసు తిరస్కరిస్తారు. లెక్క తగ్గితే మరుసటి ఏడు కేటాయింపులో ఆ మండలానికి వెనకవరసే దక్కొచ్చు. ఏఎన్‌ఎం (ఊరి నర్సు) బాధితుడి దగ్గరికి వెళ్లగానే శరీర ఉష్ణోగ్రత, సమయం, ఎండలో చేసిన పని రాసిపెట్టి, అదే గంటలో ముగ్గురికీ కబురు పెట్టేలా చూడండి.