రుద్రమదేవిలాగా రాజ్యాన్ని ఏలి, ఒక దీవిని శత్రువుల నుంచి కాపాడుకున్న రాణి ఎవరైనా ఉన్నారా?

ఉన్నారండి. ఇటలీకి పడమర సముద్రంలో ఉన్న సార్డీనియా దీవిలో అర్బొరేయా రాజ్యాన్ని ఏలిన ఎలియోనోరా. మన రుద్రమదేవికి సుమారు వందేళ్ళ తర్వాతి మనిషి.

ఆమె పేరు నేను మొదట చూసింది వీధి బోర్డు మీద. మా ఆయన ఉద్యోగం వల్ల 2021 మొదట్లో కాల్యరి నగరానికి వెళ్ళి రెండేళ్ళున్నాం. దీవిలో ఏ ఊరికి వెళ్ళినా ఎలియోనోరా పేరుతో ఒక వీధో, బడో కనపడేది. అక్కడ వీధులకు సెయింట్ల పేర్లు పెట్టడం మామూలే కాబట్టి ఈమె కూడా ఒక సెయింటే అనుకుని మా ఇంటి ఓనరమ్మను అడిగాను. ఆవిడ చేస్తున్న ఇస్త్రీ ఆపి, “సెయింటు కాదమ్మా, జడ్జి. మా జడ్జి” అంది.

జడ్జి ఏమిటి, రాణి కదా అనిపించింది నాకు. తర్వాత తెలిసింది. మధ్యయుగాల్లో ఆ దీవి నాలుగు రాజ్యాలుగా ఉండేది: కాల్యరి, తోర్రెస్, గల్లూరా, అర్బొరేయా. వాటిని ఏలేవాళ్ళ బిరుదు ‘న్యాయాధిపతి’. రాజుకుండే అధికారమంతా ఉంటుంది, పిలుపు మాత్రం అది. ఎలియోనోరా తనను తాను రాసుకున్నది కూడా ‘దేవుని దయవల్ల అర్బొరేయా న్యాయాధిపతి’ అనే. పద్నాలుగో శతాబ్దానికి మిగతా మూడూ పోయి, పడమటి తీరంలో ఒరిస్తానో రాజధానిగా అర్బొరేయా ఒక్కటే మిగిలింది.

గొడవ మొదలైంది రోములో. 1297లో పోప్ బోనిఫేస్ VIII సార్డీనియాను, పక్కనున్న కోర్సికాను కలిపి ఒక రాజ్యంగా కాగితం మీద సృష్టించి, ఇప్పటి స్పెయిన్‌లో ఉన్న అరగోన్ రాజ్యపు రాజుకు రాసిచ్చేశాడు. దీవిలో ఉన్నవాళ్ళను ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. 1323లో అరగోన్ ఓడలు వచ్చాయి. అప్పటికి దీవిలో తిష్ఠ వేసిన ఇటలీ నగరం పీసా వాళ్ళను వెళ్ళగొట్టవచ్చని అర్బొరేయా మొదట అరగోన్‌కే సాయం చేసింది. వచ్చినవాళ్ళు తిరిగి వెళ్ళేవాళ్ళు కాదని అర్థమయ్యాక, 1353లో ఎలియోనోరా తండ్రి మరియానో IV ఎదురుతిరిగాడు. ఆ యుద్ధం ఆగుతూ సాగుతూ ఆరు దశాబ్దాలకు దగ్గరగా నడిచింది. ఎలియోనోరా తల్లి తింబోర్ అరగోన్ రాజు ఏలే కాటలోనియా ఆడపడుచు. అంటే ఎలియోనోరా జీవితమంతా పోరాడింది తన అమ్మ పుట్టింటి రాజుతో.

ఆమెకు పెళ్ళయింది ఇటలీ రేవు నగరం జెనోవా మూలాలున్న దోరియా వంశపు బ్రాంకాలియోనేతో. కాపురం దీవి ఉత్తర తీరంలోని కోటలో, ఇప్పుడు దాన్ని కాస్తెల్‌సార్దో అంటారు. 1382లో జెనోవా పాలకుడికి 4,000 బంగారు ఫ్లోరిన్లు అప్పు ఇచ్చి, అతని కూతురిని తన కొడుకుకు చేసుకునేలా ఒప్పందం రాయించుకుంది. ఇంకా అధికారం చేతికి రాలేదు, అన్న ఉగోనే III గద్దె మీద ఉన్నాడు. అయినా సముద్రం అవతల తనకో అండ ఉండాలని అప్పుడే ఆలోచించింది. ఈ ఒక్క లావాదేవీ చాలు ఆమె బుర్ర ఎంత ముందుకు నడిచేదో చెప్పడానికి.

1383 మార్చిలో ఒరిస్తానోలో తిరుగుబాటు జరిగి ఉగోనేనూ, అతని కూతురు బెనెదెత్తానూ చంపేశారు. వారసుడు లేని గద్దె, ఎదురుగా అరగోన్. ఎలియోనోరా ఆగలేదు. ఆరేళ్ళ కొడుకు ఫెదెరీకోను పాలకుడిగా ప్రకటించి, ఊళ్ళ చేత విధేయత ప్రమాణాలు చేయించుకుని, ఆ పసివాడి పేరున పాలన తన చేతిలోకి తీసుకుంది.

ఆ సమయంలో భర్త అరగోన్ రాజు పేద్రో IV కొలువులో ఉన్నాడు. రాజు అతనికి కౌంటు బిరుదిచ్చి గౌరవించాడు. భార్య దీవిలో రాజ్యాన్ని చక్కబెట్టుకుంటోందని తెలిశాక అతన్నే పట్టి ఉంచాడు. తర్వాత ఓడలో కాల్యరికి తెచ్చి అక్కడి కోటలో బందీగా పెట్టాడు. మొగుణ్ణి ఎదురుగా చూపిస్తే ఆడది లొంగకపోతుందా అన్నది లెక్క. కాల్యరి నుంచి ఒరిస్తానోకు నేను రైల్లో గంటంపావులో వెళ్ళేదాన్ని. అంత దగ్గర. అంత దగ్గర్లో భర్త బందీగా ఏళ్ళ తరబడి ఉన్నా ఆమె రాజ్యం అప్పగించలేదు. 1387లో పేద్రో చనిపోయాడు. అదే ఏడు ఫెదెరీకో కూడా పోయాడు, పదేళ్ళ పిల్లవాడు. చిన్నకొడుకు మరియానో పేరున మళ్ళీ పాలన మొదలుపెట్టింది.

1388 జనవరి 24న కొత్త రాజు జువాన్ I తో సంధి కుదిరింది. గెలుచుకున్న ఊళ్ళూ కోటలూ తిరిగి ఇచ్చేయడానికి ఒప్పుకుంది. బదులుగా భర్త విడుదల. చాలామంది దీన్ని ఆమె ఓటమిగా చెబుతారు. నాకు ఈ సంధిలో నచ్చింది వేరే విషయం. దాని కింద ఉన్నవి రాజుల, ప్రభువుల సంతకాలే కాదు, అర్బొరేయాలోని ఊరూరి ప్రతినిధుల పేర్లు కూడా. రైతులు, ఊరి పెద్దలు, మామూలు మనుషులు. ఈనాటి సార్డీనియా ఇంటిపేర్ల మీద పరిశోధన చేసేవాళ్ళు ఆ పత్రాన్నే తిరగేస్తారు. మా ఓనరమ్మ ఇంటిపేరు కూడా అందులో ఉందని ఆవిడ ఎంతో సంబరంగా చెప్పింది. పోప్ ఎవరినీ అడక్కుండా రాసిచ్చిన దీవి అది. దాని గురించి సంధి చేసుకునేటప్పుడు ఊళ్ళను పిలిచి కూర్చోబెట్టారు.

1390 మొదట్లో బ్రాంకాలియోనే విడుదలయ్యాడు. 1391లో యుద్ధం మళ్ళీ రాజుకుంది. ఈసారి సైన్యం ముందు భర్త, వెనక రాజ్యం నడుపుతూ ఆమె. ఆ ఆగస్టులో సాస్సరి నగరం చేతికొచ్చింది. కొద్ది కాలంలోనే అరగోన్‌కు దీవిలో కాల్యరి, అల్గేరో, మరికొన్ని కోటలు తప్ప ఏమీ మిగల్లేదు. సంధి మాట తప్పిందని ఆమెను తప్పుపట్టేవాళ్ళున్నారు. భర్తను బందీగా పట్టి రాయించుకున్న సంధికి అంతకన్నా ఎక్కువ కట్టుబడాలని నేను అనుకోను.

ఇక్కడిదాకా ఇది చాలామంది రాణుల కథల్లాగే ఉంటుంది. ఎలియోనోరాను ఆ దీవి ఇన్ని వందల ఏళ్ళు గుర్తుపెట్టుకున్నది మాత్రం 1392 నాటి ‘కార్తా దే లోగు’ వల్ల. ‘లోగు’ అంటే వాళ్ళ భాషలో చోటు, రాజ్యం. రాజ్యపు శాసనం అన్నమాట. 198 అధ్యాయాలు. లాటిన్‌లో కాకుండా జనం మాట్లాడే సార్డు భాషలో ఉంది. తండ్రి చేసిన చట్టాన్ని 16 ఏళ్ళుగా ఎవరూ సరిదిద్దలేదు, కాలం మారింది కాబట్టి మారుస్తున్నాను అని ఆమె మొదట్లోనే చెప్పుకుంది.

నేను కొద్దిగా ఇటాలియన్ నేర్చుకున్నాక ఓనరమ్మ నాకు ఇటాలియన్ అనువాదమున్న ప్రతి ఇచ్చింది. 21వ అధ్యాయం దగ్గర ఆగిపోయాను. అది మానభంగం గురించి. పెళ్ళయిన స్త్రీని బలవంతం చేసినవాడు 500 లీరాల జరిమానా కట్టాలి, 15 రోజుల్లో కట్టకపోతే పాదం నరకాలి. పెళ్ళికాని పిల్లయితే 200 లీరాలు కట్టి, ఆమెను పెళ్ళి చేసుకోవాలి, కానీ ఆ పిల్లకు ఇష్టమైతేనే. ఇష్టం లేకపోతే ఆమె స్థాయికి తగ్గ కట్నం వాడే ఇచ్చి, ఆమె వేరొకరిని చేసుకునేలా చూడాలి. జరిమానాతో సరిపెట్టడం, పాదం నరకడం ఇప్పటి కళ్ళకు తప్పే. నన్ను ఆపేసింది ‘ఆమెకు ఇష్టమైతే’ అన్న ముక్క.

ఎందుకంటే నేను గోదావరి జిల్లాలో ఒక చిన్న ఊళ్ళో పెరిగాను. నాకు పదేళ్ళప్పుడు మా వీధిలో ఒక అక్కకు ఇలాంటిదే జరిగింది. పెద్దమనుషులు రావిచెట్టు కింద కూర్చున్నారు. వాడికి తప్పు కట్టించారు, ఆ అక్కను వాడికే ఇచ్చి పెళ్ళి చేయమన్నారు. పరువు నిలబడిందని అందరూ లేచి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రమంతా ఆ అక్క మా ఇంటి వెనక నీళ్ళ తొట్టి దగ్గర కూర్చుని ఉంది. నీకు ఇష్టమేనా అని ఆమెను అడిగినవాళ్ళు లేరు. మా ఇంట్లోనూ అడగలేదు.

ఆ అధ్యాయం చదివిన రాత్రి అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. ఆరువందల ఏళ్ళ కిందట, అమ్మా, ఒక రాణి చట్టంలో రాసింది అని. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “పిల్లను అడిగేవాళ్ళా?” అంది. మళ్ళీ ఇంకోసారి అదే మాట అడిగింది.

అందుకే, దీవిని కాపాడటం అన్న మీ మాటకు నా సమాధానంలో కోటలకన్నా ఈ చట్టానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను. యుద్ధం జరుగుతుండగానే ఆమె పొలం గట్ల తగాదాలు, పశువుల దొంగతనాలు, తోటల కంచెల గురించి కూడా రాయించింది. సెప్టెంబరు 8న వచ్చే మేరీమాత పండుగ లోపల పొలాల్లో కొయ్యకాళ్ళు తగలబెట్టకూడదని ఒక నియమం. ఎండాకాలం ముగిసేదాకా నిప్పు ముట్టించొద్దని. సార్డు భాషలో సెప్టెంబరును ‘కాబుదాన్ని’ అంటారు, అంటే ఏడాదికి తల. రైతు సంవత్సరం అప్పుడు మొదలవుతుంది, మనకు ఉగాదిలాగా. ఈ నియమం విలువ నాకు 2021 జూలైలో తెలిసింది. ఒరిస్తానోకు ఉత్తరాన మోంటిఫెర్రు కొండలు తగలబడి దాదాపు 20,000 హెక్టార్లు కాలిపోయాయి. వందల ఏళ్ళ ఆలివ్ చెట్లు బొగ్గయ్యాయి. మా ఓనరమ్మ టీవీ ముందు కూర్చుని ఏడుస్తూ ఎలియోనోరా పేరు తలుచుకుంది.

డేగల గూళ్ళ జోలికి పోకూడదని కూడా ఆ చట్టంలో ఉంది. అందుకే సముద్రపు కొండచరియల్లో గూడు కట్టే ఒక జాతి డేగకు 1839లో శాస్త్రవేత్తలు ఆమె పేరు పెట్టారు. ఎండాకాలం చివర్లో పిల్లల్ని పెంచి, చలికాలానికి మడగాస్కర్ దాకా ఎగిరిపోతుంది ఆ పక్షి.

ఎలియోనోరా 1404 ప్రాంతంలో చనిపోయింది, ప్లేగు వల్ల అంటారు. 1407లో కొడుకు మరియానో కూడా పోయాడు. 1409 జూన్ 30న సాన్లూరి దగ్గర అర్బొరేయా సైన్యం ఓడిపోయింది. చివరికి 1420లో ఆమె చెల్లెలి మనవడు మిగిలిన హక్కులన్నీ 100,000 బంగారు ఫ్లోరిన్లకు అరగోన్ రాజుకు అమ్మేశాడు. రాజ్యం అలా పోయింది. విచిత్రమేమిటంటే, గెలిచిన అరగోన్ మరుసటేడు 1421లో ఆమె చట్టాన్నే దీవిలోని జమీందారీ ఊళ్ళన్నిటికీ వర్తింపజేసింది. అది 1827 దాకా అమల్లో ఉంది.

మీరు ఎప్పుడైనా వెళితే ఒరిస్తానోలో ఆమె పేరున్న కూడలిలో 1881 నాటి పాలరాతి విగ్రహం చూడండి, చేతిలో ఆ చట్టం చుట్ట ఉంటుంది. అదే ఊళ్ళో ‘ఎలియోనోరా ఇల్లు’ అని ఒక భవనాన్ని చూపిస్తారు. అది ఆమె పోయిన తర్వాతి శతాబ్దంలో కట్టింది, ఆమె అందులో ఉండలేదు. ఆమె కాలానికి ముందు నుంచీ నిలబడి ఉన్నది 1290 నాటి మరియానో II బురుజు. సమాధి ఎక్కడుందో తెలియదు. కాల్యరి నుంచి రైల్లో వచ్చే దారిలో సాన్ గవీనో స్టేషన్‌లో దిగితే, ఊరి పాత చర్చిలో గర్భగుడి పైకప్పు కింద నాలుగు చిన్న రాతి ముఖాలు కనపడతాయి. తండ్రి, అన్న, భర్త, ఎలియోనోరా అని చరిత్రకారులు గుర్తించారు. తల పైకెత్తి వెతకాలి, అంత చిన్నవి.