ముసాయిదా వచ్చిన రోజే మ్యాపు తెరవండి

ప్రశ్న: నియోజకవర్గాల సరిహద్దులు మారుస్తారని విన్నప్పుడల్లా నాకు టెన్షన్‌గా ఉంటుంది. అధికారంలో ఉన్న పార్టీ తనకు కలిసొచ్చేలా గీతలు గీయించుకుంటే ఆపేదెవరు? జనాభాను సమానంగా పంచితే సరిపోదా?
– ఒక పాఠకురాలు

జవాబు: సరిపోదమ్మా. కాగితం తీసుకుని చిన్న లెక్క వేసి చూడండి. ఓటర్లు సమానంగా ఉన్న 15 వార్డులున్నాయి. అయిదేసి వార్డులతో మూడు నియోజకవర్గాలు చేయాలి. ఒక పార్టీకి 6 వార్డుల్లో బలముంది, ఎదుటి పార్టీకి 9 వార్డుల్లో. ఆ ఆరింటినీ రెండేసి చొప్పున మూడు నియోజకవర్గాల్లోకి పంచితే చిన్న పార్టీకి ఒక్క సీటూ రాదు. అదే మూడేసి చొప్పున రెండింటిలో సర్దితే రెండు సీట్లు దానివే, పెద్ద పార్టీకి మిగిలేది ఒకటే. ఒక్క ఓటరూ మనసు మార్చుకోలేదు, జనాభా లెక్కా తప్పలేదు. ఫలితం మాత్రం తలకిందులైంది. కాబట్టి మీ భయం ఉత్తది కాదు.

అందుకే చాలా పార్లమెంటరీ దేశాలు ఈ పనిని ప్రభుత్వం చేతిలోంచి తీసి స్వతంత్ర కమిషన్లకు అప్పగించాయి. కెనడాలో 1964 చట్టం వచ్చినప్పటి నుంచి ప్రతి ప్రావిన్సుకూ విడిగా ఒక కమిషన్ ఉంటుంది. భారతదేశంలో 2002 చట్టం కింద ఏర్పడిన కమిషన్‌కు సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి కుల్దీప్ సింగ్ అధ్యక్షత వహించారు. రాష్ట్రానికి అయిదుగురు ఎంపీలు, అయిదుగురు ఎమ్మెల్యేలు సహ సభ్యులుగా ఉంటారని ఆ చట్టం చెప్పింది, కానీ వాళ్లకు ఓటు హక్కు ఇవ్వలేదు. నాకు అన్నిటికన్నా నచ్చిన నిబంధన ఇదే. స్థానిక సంగతులు తెలిసినవాళ్ల మాట వింటారు, నిర్ణయం మాత్రం వాళ్లకు వదిలిపెట్టరు. కమిషన్ తుది ఉత్తర్వును సవరించే అధికారం చట్టసభకు కూడా లేదు.

సమానత్వం విషయంలో దేశానికో తీరు. బ్రిటన్ చట్టం ప్రకారం సగటుకు 5 శాతం అటూ ఇటూ మించి తేడా ఉండకూడదు. 2023లో ముగిసిన సమీక్షలో ఒక్కో నియోజకవర్గానికి 69,724 నుంచి 77,062 మంది ఓటర్లు ఉండాలన్నారు. కానీ ఐల్ ఆఫ్ వైట్ ద్వీపానికి ఈ లెక్కతో పని లేకుండా చట్టమే రెండు సీట్లు కేటాయించింది. కెనడాలో 25 శాతం దాకా తేడాను ఒప్పుకుంటారు. దూరాలు ఎక్కువ, జనం పలచన ఉన్నచోట ఆ వెసులుబాటు న్యాయమేనని నా అభిప్రాయం. దాన్ని అన్నిచోట్లా వాడుకుంటే మాత్రం ఒకరి ఓటు బరువు ఇంకొకరి ఓటుకన్నా తగ్గిపోతుంది.

ఇక మీరు చేయగలిగింది. కమిషన్ ముందు ముసాయిదా విడుదల చేసి, అభ్యంతరాలకు గడువిస్తుంది. తుది ఉత్తర్వు వచ్చాక గొడవ చేసి లాభం లేదు, ఈ గడువులోనే రాయాలి. ‘మా నాయకుడికి నష్టం’ అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. నదికి అవతల ఉన్న ప్రాంతాన్ని ఇవతలివాళ్లతో కలిపారనో, రెండింటికీ మధ్య నేరుగా దారి లేదనో, ఒకే పాలనా విభాగాన్ని రెండుగా చీల్చారనో మ్యాపుతో సహా చూపించండి. అంతటితో ఆపకండి. మూడు వేల మంది ఓటర్లను ఒక నియోజకవర్గం నుంచి తీసేయమని అడిగితే, ఆ లోటును ఏ వైపు నుంచి పూడ్చాలో కూడా మీరే రాసి పంపండి.