ఓడ చేరింది, కాగితాలు చేరలేదు

ప్రశ్న: గుంటూరు నుంచి సింగపూర్‌కు తేజ మిర్చి పంపుతున్నాం. అక్కడి కొనుగోలుదారు ఈసారి ఎలక్ట్రానిక్ బిల్ ఆఫ్ లేడింగ్ కావాలంటున్నారు. మా బ్యాంకు మాత్రం కాగితమే తెమ్మంటోంది. స్కాన్ చేసి మెయిల్ పెడితే సరిపోదా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: సరిపోదండీ. బిల్ ఆఫ్ లేడింగ్ (బీఎల్) అంటే సరుకు ఎక్కించుకున్నట్టు ఓడ కంపెనీ ఇచ్చే పత్రం. ఎల్సీలో (కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) పెట్టే ఆర్డర్ బీఎల్, అంటే చేతులు మార్చదగిన బీఎల్, అసలు ప్రతి చూపించిన వాళ్లకే ఓడ కంపెనీ సరుకు ఇస్తుంది. స్కాన్ కాపీ ఎంతమందికైనా పంపొచ్చు కాబట్టి దానికి ఆ విలువ లేదు. ఎలక్ట్రానిక్ బీఎల్ అలా కాదు. అది ఒకసారి ఒక్కరి అధీనంలోనే ఉంటుంది, ఇంకొకరికి బదిలీ చేయగానే మొదటివారి హక్కు పోతుంది. ఐక్యరాజ్యసమితి వాణిజ్య చట్టాల సంఘం 2017లో ఇచ్చిన నమూనా చట్టంలోని కీలకం ఇదే. సింగపూర్ 2021లో దాన్ని తన చట్టంలోకి తీసుకుంది. మన దగ్గర 1856 నాటి చట్టం తీసేసి 2025లో కొత్త బిల్స్ ఆఫ్ లేడింగ్ చట్టం తెచ్చారు గానీ, ఎలక్ట్రానిక్ బీఎల్ ఊసు అందులో విడిగా లేదు. అందుకే మీ బ్యాంకు జంకుతోందంటే నేను తప్పు పట్టలేను.

బ్యాంకులో ఎగుమతి బిల్లులు చూసినన్నాళ్లూ నన్ను బాధపెట్టింది దగ్గరి దేశాల వ్యాపారమే. యూరప్ వెళ్లే ఓడకు వారాలు పడుతుంది, ఈలోగా కాగితాలు చేరిపోతాయి. చెన్నైలో ఎక్కిన కంటైనర్ సింగపూర్‌కు వారం పది రోజుల్లో వెళ్లిపోతుంది. కాగితాలు మాత్రం ఇక్కడి బ్యాంకు పరిశీలన, కొరియర్, అక్కడి బ్యాంకు పరిశీలన దాటాలి. ఎల్సీ నిబంధనల్లో ఒక్కో బ్యాంకుకు 5 పని దినాల దాకా గడువుంది. ఇన్‌వాయిస్‌లో ఒక్క అక్షరం తేడా వచ్చిందని వెనక్కి పంపితే, రేవులో డెమరేజ్ (సరుకు గడువులోగా తీసుకెళ్లనందుకు పడే రుసుము) రోజురోజుకీ పెరుగుతుంది. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌తో మన సరుకుల ఒప్పందం 2010 నుంచి అమల్లో ఉంది. సుంకాల మీద పెట్టిన శ్రద్ధలో సగం ఈ కాగితాల మీద పెట్టినా చిన్న ఎగుమతిదారుకు ఎంత మేలు జరిగేదో!

మీరు సరుకు ఎక్కించక ముందే ఎల్సీ చదవండి. అది ఈయూసీపీకి (ఎలక్ట్రానిక్ పత్రాలకు వర్తించే ఎల్సీ నిబంధనలు) లోబడినదని స్పష్టంగా రాసి ఉండాలి. యూసీపీ 600 (మామూలు ఎల్సీ నిబంధనలు) అని మాత్రమే ఉంటే కాగితాలే పెట్టండి. ఈయూసీపీ అని రాయించినా, ఏ ప్లాట్‌ఫామ్, ఏ ఫార్మాట్ అన్నది మీ బ్యాంకు నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. ఇవేవీ కుదరకపోతే, 'సరెండర్ బీఎల్ చేసేద్దాం సార్, టెన్షన్ ఉండదు' అని ఫార్వార్డర్ (సరుకు రవాణా ఏర్పాట్లు చూసే ఏజెంటు) అంటాడు. అంటే అసలు బీఎల్ ఇక్కడే ఓడ కంపెనీకి తిరిగిచ్చేసి, అక్కడ అది చూపకుండానే సరుకు ఇప్పించడం. డబ్బు ముందే ఖాతాలో పడి ఉంటే తప్ప ఒప్పుకోకండి. సరెండర్ చేశాక సరుకు మీద మీకు గానీ మీ బ్యాంకుకు గానీ పట్టు ఉండదు.