ఎత్తు ఎక్కుతుంటే ఏటీవీ (మట్టిదారుల్లో, గుట్టల మీద నడిపే నాలుగు చక్రాల బండి) ముందు చక్రాలు లేస్తున్నాయా?

ముందు చక్రాలు లేవడానికి కారణం బరువు వెనక్కి పడటమే. మీరు అడిగిన ప్రశ్నలో వెనుక ర్యాకుకు డబ్బా కట్టానన్నారు, సగం ఎక్కాక గేరు తగ్గిస్తున్నానన్నారు. ఆ రెండూ కలిసి చేస్తున్న పని ఇది. బండిలో లోపం ఉన్నట్టు లేదు.

1. వెనుక ర్యాకు ఖాళీ చేయండి.
2. కింద చదునులోనే గేరు తగ్గించండి.
3. సీటుపై ముందుకు జరిగి, ఛాతీ హ్యాండిల్ మీదికి వచ్చేంతగా వంగండి. థ్రాటిల్ (యాక్సిలరేటర్) ఒకే తీరుగా ఉంచండి, మధ్యలో గట్టిగా నొక్కవద్దు.

చాలామంది పట్టించుకోనిది దీని తర్వాతి సంగతి. బండి మధ్యలో ఆగి వెనక్కి జారితే కాలు దానంతటదే వెనుక బ్రేకు మీదికి పోతుంది. దాన్ని గట్టిగా తొక్కితే బండి వెనక్కి తిరగబడి మీద పడవచ్చు. దయచేసి ఇది గుర్తుంచుకోండి: శరీరాన్ని పైవైపే వంచి, ముందు బ్రేకు మెల్లగా పట్టండి. పూర్తిగా ఆగాకే వెనుక బ్రేకు, ఆపైన పార్కింగ్ బ్రేకు. (అన్ని బ్రేకులూ ఒకే లివర్‌తో పనిచేసే మోడల్ అయితే మాన్యువల్ చూడండి.)

4. అలా ఆగాక పక్కకు దిగండి. బండికి దిగువన ఎప్పుడూ నిలబడవద్దు.
5. ఆ వాలు మీద బండెక్కి గుండ్రంగా తిప్పే ప్రయత్నం అసలు చేయవద్దు.