పేకాట క్లబ్బుకు అనుమతి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలో, శాన్ హోసేకు దగ్గరలోని ఒక చిన్న నగరంలో ఉంటున్నాము. డబ్బు పెట్టి ఆడే పేకాట క్లబ్బుకు అనుమతి ఇవ్వాలా వద్దా అన్న విషయం మా సిటీ కౌన్సిల్ ముందుకు రాబోతోంది. దాని పన్నుతో పార్కులకు, గ్రంథాలయానికి నిధులు సమకూరుతాయని కొందరు సభ్యులు అంటున్నారు. మా వారు హెచ్1బి వీసాపై ఉన్నారు. మాకు ఓటు లేదు. మేము చేయగలిగింది ఏమైనా ఉందా?
— ఒక పాఠకురాలు

జవాబు: ఉందండీ. ఓటు లేకపోయినా మాట్లాడే హక్కు మీకు ఉంది. ఆ రాష్ట్రంలో 1953 నుంచి అమలులో ఉన్న బ్రౌన్ చట్టం ప్రకారం, సాధారణ సమావేశపు అజెండాను కనీసం 72 గంటల ముందు అందరికీ కనిపించేలా ఉంచాలి, అందులోని అంశాలపై ఎవరైనా తమ అభిప్రాయం చెప్పవచ్చు. ఆ హక్కుకు పౌరసత్వంతో సంబంధం లేదు.

మొదట అడగవలసినది చట్టం గురించి. కొత్త పేకాట క్లబ్బులపై 1990ల నుంచి ఉన్న రాష్ట్ర నిషేధం 2023 జనవరి 1న ముగిసింది, కానీ అదే ఏడాది శాసనసభ దానిని మరో 20 ఏళ్లకు పునరుద్ధరించింది. కాబట్టి కౌన్సిల్ సరేనన్నంత మాత్రాన క్లబ్బు రాదు. ఈ ప్రతిపాదన ఆ నిషేధాన్ని ఎలా దాటుతుందో నగర న్యాయవాది చేత లిఖితపూర్వకంగా చెప్పించమని కోరండి.

ఇక ఆదాయం మాట. నేను ఈ అనుమతికి వ్యతిరేకిని, కారణం కూడా చెబుతాను. కాలిఫోర్నియా చట్టం ప్రకారం క్లబ్బు తానే పందెం కాయకూడదు. ఆటగాళ్లు ఒకరితో ఒకరు ఆడుకుంటుండగా, ఆటకు ఇంత అని రుసుము మాత్రం వసూలు చేసుకుంటుంది. ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా ఆ రుసుము వస్తూనే ఉంటుంది. నగరానికి వచ్చే పన్ను క్లబ్బు రాబడి మీదే లెక్క కడతారు గనుక, జనం ఎంత ఎక్కువసేపు బల్లల దగ్గర కూర్చుంటే నగరానికి అంత లాభం. ఒక కుటుంబం జీతం ఆవిరయ్యే చోట గ్రంథాలయానికి నిధి పుట్టడం నాకు ఎంతమాత్రం సమ్మతం కాదు.

మీ పొరుగునే ఉన్న శాన్ హోసేను చూడండి. అక్కడ బే 101, క్యాసినో మ్యాట్రిక్స్ అనే రెండు క్లబ్బులున్నాయి. 2010లో ఓటర్ల ఆమోదంతో ఒక్కో క్లబ్బులో బల్లలు 40 నుంచి 49కి, పన్ను 13 శాతం నుంచి 15 శాతానికి పెరిగాయి. 2020లో మళ్లీ ఓటింగు జరిగి బల్లల పరిమితి మొత్తం 98 నుంచి 128కి, పన్ను 16.5 శాతానికి చేరాయి. రెండుసార్లూ పన్ను పెంపుతో పాటే బల్లల పెంపు వచ్చింది. దక్షిణాన, సుమారు ఒక చదరపు మైలు విస్తీర్ణమున్న హవాయియన్ గార్డెన్స్ నగరానికి సాధారణ నిధిలో సింహభాగం పేకాట క్లబ్బు నుంచే వస్తుంది. 2020లో కోవిడ్ వల్ల క్లబ్బు మూతపడగానే ఖజానా కుదేలైంది. అంతగా ఆధారపడిన నగరం, రేపు క్లబ్బుతో పేచీ వస్తే, దానిని మూయించే ధైర్యం చేయగలదా? మీ కౌన్సిల్‌ను సూటిగా ఈ ప్రశ్నే అడగండి. ఆ ఆదాయాన్ని రోజువారీ జీతాలకు వాడబోమని తీర్మానంలో రాయడానికి సిద్ధమేనా అని కూడా అడగండి.

ప్రశ్న: రమ్మీ నైపుణ్యంతో కూడిన ఆట అని సుప్రీంకోర్టే చెప్పింది కదా, మన పురపాలక సంఘాలు కూడా ఇలా క్లబ్బులకు అనుమతి ఇవ్వవచ్చా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ఇవ్వలేవు. మన రాజ్యాంగంలో పందేలు, జూదం రాష్ట్ర జాబితాలోని అంశాలు. వాటిపై చట్టం చేసేది శాసనసభే. మీరు ప్రస్తావించిన తీర్పు 1967 నాటిది, సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు కేసులోనిది. మూడు ముక్కలాటలా రమ్మీ పూర్తిగా అదృష్టం మీద నడిచేది కాదని, పడిన ముక్కలను గుర్తుపెట్టుకోవడానికీ, పేర్చుకోవడానికీ నేర్పు కావాలని కోర్టు చెప్పింది. అయితే ఆ ఆట మీద క్లబ్బు గానీ యజమాని గానీ లాభం చేసుకుంటే అది నేరం కావచ్చని అదే తీర్పు హెచ్చరించింది. తీర్పును ఉదాహరించే క్లబ్బుల వారు తరచుగా ఈ రెండో మాటను వదిలేస్తారు. పైగా, నైపుణ్య ఆటలకు 1974 నాటి గేమింగ్ చట్టంలో ఉన్న మినహాయింపును తెలంగాణ 2017లో తొలగించింది. ఆంధ్రప్రదేశ్ కూడా 2020లో చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ ఆటలను దాని పరిధిలోకి తెచ్చింది. కాబట్టి మీ ఊళ్లో ఎవరైనా పురపాలక సంఘం అనుమతి ఉందని చెప్పి సభ్యత్వ రుసుము అడిగితే, కట్టకండి.