ఉల్కల పిచ్చి పట్టిన పిల్లవాణ్ణి ఏం చదివించాలి?

ప్రశ్న: మాది చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్. నా పుట్టిల్లు కాగజ్‌నగర్, ఇంట్లో తెలుగే మాట్లాడతాం. మావారు బొగ్గు గనిలో పనిచేస్తారు. మా అబ్బాయి సెమీ ఇంగ్లీషులో, అంటే లెక్కలు, సైన్సు ఇంగ్లీషులోనూ మిగతావి మరాఠీలోనూ చదివి, పదో తరగతి పరీక్షలు రాశాడు. 2022 ఉగాది రాత్రి ఆకాశంలో నిప్పులు బారులు తీరి పోవడం చూసినప్పటి నుంచి వాడికి ఉల్కల పిచ్చి పట్టుకుంది. నలుగురు స్నేహితులు మా డాబా మీద చేరి ఉల్కలు, తోకచుక్కలు, గ్రహాంతరవాసులు అంటూ అర్ధరాత్రి దాకా మాట్లాడుకుంటారు. వార్ధా నది ఒడ్డున దొరికిన నల్లని, బరువైన రాయి ఒకటి గూట్లో దాచుకున్నాడు. అది అయస్కాంతానికి అంటుకుంటుంది, ఒంటి నిండా సన్నని బొక్కలున్నాయి. మావారు మైనింగ్ డిప్లొమాలో చేర్పిద్దామంటారు. వాడు అంతరిక్షం తప్ప ఇంకేమీ చదవనంటాడు. ఏం చేయమంటారు?

జవాబు:

అమ్మా, రాయి సంగతికి వచ్చే ముందు మీ ఇంట్లో నడుస్తున్న వాదం గురించి ఒక మాట చెప్పాలి. మీవారు నేల లోపలి చదువు కోరుతున్నారు, అబ్బాయి ఆకాశపు చదువు కోరుతున్నాడు, ఆ రెండింటికీ పొత్తు కుదరదని ఇద్దరూ అనుకుంటున్నారు. అయితే ఉల్కాశిలలను పరిశోధించేవారిలో చాలామంది మొదట చదివింది భూగర్భశాస్త్రం, అంటే జియాలజీ. బొగ్గు పొర ఎంత లోతులో ఎంత మందాన ఉందో చెప్పే మనిషీ, ఆకాశం నుంచి పడిన రాయి పుట్టుక చెప్పే మనిషీ ఒకే ప్రయోగశాలలో, ఒకే రకం సూక్ష్మదర్శిని కింద రాతి పలకలను చూసి పని నేర్చుకున్నవారే. అందువల్ల తండ్రి మాట నెగ్గాలా, కొడుకు మాట నెగ్గాలా అన్న పట్టింపు లేకుండానే ఈ చిక్కు తీరుతుందని నా నమ్మకం.

ముందుగా అబ్బాయికి ఒక నిజం తెలియాలి. 2022 ఏప్రిల్ 2న, ఉగాది నాటి రాత్రి ఎనిమిది గంటలకు కాస్త ముందు విదర్భలోనూ మధ్యప్రదేశ్‌లోనూ జనం ఇళ్లలోంచి బయటికి వచ్చి చూసిన ఆ నిప్పుల బారు ఉల్క కాదు. 2021 ఫిబ్రవరిలో చైనా ప్రయోగించిన చాంగ్‌జెంగ్ 3బి రాకెట్‌లోని మూడో దశ ఏడాదికి పైగా భూమి చుట్టూ తిరిగి, చివరికి వాతావరణంలోకి దిగి మండిపోయిందని అమెరికాలోని ఖగోళ శాస్త్రవేత్త జొనాథన్ మెక్‌డోవెల్ గుర్తించారు. కాలకుండా మిగిలిన పెద్ద లోహపు వలయం మీ జిల్లాలోనే, సిందేవాహీ తాలూకా లాడ్‌బోరీ గ్రామంలో పడింది. చుట్టుపక్కల ఊళ్లలో లోహపు గోళాలు దొరికాయి, ఇస్రో శాస్త్రవేత్తలు వచ్చి వాటిని పరిశీలించారు. చూసిన కంటికి తేడా తెలియాలంటే వేగాన్ని గమనించాలి. ఉల్క సెకనుకు 11 నుంచి 72 కిలోమీటర్ల వేగంతో వస్తుంది కనుక ఒకటి రెండు సెకన్లలో, మరీ పెద్దదైతే మరికొన్ని సెకన్లలో ఆరిపోతుంది. కక్ష్యలోంచి జారిన రాకెట్ ముక్క ఎనిమిది కిలోమీటర్లకు మించని వేగంతో, దాదాపు నేలకు సమాంతరంగా, ముక్కలు ముక్కలుగా విడిపోతూ, పక్కవాళ్లను పిలిచి చూపించేంత సేపు ఆకాశం మీదుగా సాగిపోతుంది. ఆ రాత్రి మీ డాబా మీద జరిగింది అదే. ఈ మాట వినగానే వాడు చిన్నబుచ్చుకుంటే ఆసక్తి వేడుకతో సరిపెట్టుకున్నట్టు, అలా కాక కక్ష్యలోంచి ముక్క ఎందుకు జారుతుందని అడిగితే చదువు మొదలైనట్టు. వాడు అడుగుతాడనే నేను అనుకుంటున్నాను.

ఇక రాయి. మీరు రాసిన లక్షణాలలో ఆ బొక్కలే నన్ను అనుమానంలో పడేస్తున్నాయి. మీ ప్రాంతంలో లోహారా, సూర్జాగఢ్ వంటి చోట్ల ఇనుప ఖనిజం ఉంది. వెనుకటి కొలిముల కాలం నుంచి ఇప్పటి ఫ్యాక్టరీల దాకా ఇనుము కరిగించిన చోటల్లా చిట్టెం మిగులుతూ వచ్చింది, అది వాగుల్లో కొట్టుకొచ్చి ఏటి ఒడ్డున కూడా పడుతుంది. చిట్టెం నల్లగా, బరువుగా ఉంటుంది, ఇనుము మిగిలి ఉంటే అయస్కాంతానికి అంటుకుంటుంది, కరిగినప్పుడు లోపల చిక్కిన గాలి వల్ల బుడగలు పేలినట్టు బొక్కలు పడతాయి. ఉల్కాశిలల్లో అలాంటి బుడగలు దాదాపు ఉండవు. వాటి మీద ఉండేవి మెత్తని బంకమట్టి మీద బొటనవేలితో అద్దినట్టు కనిపించే లోతులేని గుంటలు, కొత్తగా పడిన రాయికైతే పైన మిల్లీమీటరుకు మించని నల్లని పొర, ఏదైనా మూల పెచ్చు ఊడి ఉంటే లోపల లేత బూడిదరంగు.

తీర్పు మాత్రం నేను చెప్పకూడదు, అబ్బాయే చెప్పాలి. అందుకు ఇంట్లో ఉన్న వస్తువులు చాలు. స్నానాల గదికి వేసే టైలు వెనుకవైపు మెరుగు లేకుండా గరుకుగా ఉంటుంది, దాని మీద రాతి అంచుతో గట్టిగా ఒక గీత గీయమనండి. ఎర్రటి గోధుమరంగు పొడి రాలితే అది హెమటైట్, నల్లటి గీత పడితే మాగ్నటైట్, రెండూ ఇనుప ఖనిజాలే. ఉల్కాశిల మామూలుగా గీత వదలదు, వదిలినా పలచని బూడిదరంగే. తరువాత కిరాణా కొట్టు త్రాసులో గ్రాముల లెక్కన తూచి, గిన్నెను అంచుదాకా నీటితో నింపి రాయిని దారంతో కట్టి పూర్తిగా ముంచి, పొర్లిన నీటిని కొలపాత్రలో పట్టి మిల్లీలీటర్లలో కొలవాలి. బరువును ఆ నీటి కొలతతో భాగిస్తే సాంద్రత వస్తుంది. దక్కను నల్లరాయికి అది మూడు లోపు, సాధారణ రాతి ఉల్కాశిలకు మూడుంపావు నుంచి నాలుగు లోపు, మంచి హెమటైటుకు అయిదు దగ్గర ఉంటుంది. ఈ లెక్కలన్నీ తేదీతో సహా ఒక పుస్తకంలో రాయించండి. సుత్తితో పగలగొట్టడం, యాసిడ్ పోయడం, ఎవరో లక్షలిస్తానన్నారని అమ్మజూపడం మాత్రం వద్దు. అన్ని పరీక్షలూ దాటి రాయి నిలబడితే నాగ్‌పూర్‌లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా మధ్య ప్రాంత కార్యాలయం ఉంది, ఫొటోలతో వారికి రాయవచ్చు. దేశంలో పడిన ఉల్కాశిలలను భద్రపరిచే బాధ్యత ఆ సంస్థదే.

నాగ్‌పూర్ జిల్లా పేరు వచ్చింది కనుక కాటోల్ సంగతి వాడికి చెప్పాలి. 2012 మే 22న కాటోల్ పట్టణం మీద పగిలి రాళ్లు కురిసిన ఉల్కను సర్వే వాళ్లు సేకరించారు. ఆ రాళ్లలో ఒక దాన్ని ఐఐటీ ఖరగ్‌పూర్ బృందం సూక్ష్మంగా పరీక్షించి, 2021లో ప్రచురించిన వ్యాసంలో అందులో బ్రిడ్జ్‌మనైట్ ఉందని చూపించింది. భూమి లోపల 660 కిలోమీటర్ల లోతు దాటాక అత్యధికంగా ఉండే ఖనిజం అదే. అంత లోతుకు మనం తవ్వి చేరలేం. అంతరిక్షంలో రెండు శిలలు ఢీకొన్న క్షణంలో పుట్టిన ఒత్తిడి వల్ల అదే ఖనిజం ఏర్పడి, మీ ఊరికి రైల్లో ఒక పూట ప్రయాణంలో ఉన్న పల్లెల్లో వచ్చి పడింది. పాతాళం గురించి తెలుసుకోవడానికి ఆకాశం నుంచి పడిన రాయి పనికొచ్చిందని మీవారికి కూడా చెప్పండి, గనిలో దిగే మనిషికి ఆ మాట విలువ వెంటనే తెలుస్తుంది.

డాబా మీది కబుర్లను ఆపించాలా అని మీరు అడగకపోయినా ఆ దిగులు ఉత్తరంలో కనిపిస్తోంది. ఆపించవద్దు. ఈ శాస్త్రంలో ఉద్యోగం లేని ఆసక్తిపరులు చేసిన పని చిన్నది కాదు. వేరే నక్షత్ర మండలం నుంచి మన సూర్యుడి దగ్గరికి వచ్చిన రెండో వస్తువును 2019 ఆగస్టు 30న కనిపెట్టిన గెన్నాదీ బోరిసోవ్ తన చేతులతో తయారుచేసుకున్న దూరదర్శినితో ఆకాశం చూసే ఔత్సాహికుడు, ఆ తోకచుక్కకు ఆయన పేరే పెట్టారు. మన హైదరాబాదు నిజాం కాలేజీలో చదివిన వేణు బప్పు హార్వర్డ్‌లో విద్యార్థిగా ఉండగానే 1949లో ఒక తోకచుక్కను కనుగొన్నారు. అంతకు ముందే కళాశాల రోజుల్లో ఆయన కాంతి మారే నక్షత్రాలను గమనించి లెక్కలు రాసుకునేవారు. నేను ముఖ్యమంటున్నది ఆ రాసుకోవడాన్నే. 1803 ఏప్రిల్ 26న ఫ్రాన్సులోని లెగ్ల్ ఊరి మీద దాదాపు మూడు వేల రాళ్లు పడ్డాయి. ఆకాశం నుంచి రాళ్లు పడతాయన్న మాటను పల్లెటూరి కట్టుకథగా కొట్టిపారేసే పండితులు అప్పటికి ఎందరో ఉన్నారు. జాన్ బాప్టిస్ట్ బియో అనే యువ శాస్త్రవేత్త ఊరూరా తిరిగి చూసినవారినీ విన్నవారినీ విచారించి, రాళ్లు పడిన చోట్లన్నీ పటం మీద గుర్తించి, అవి ఒక దీర్ఘవృత్తంలో ఉన్నాయని చూపించాక ఆ వాదన ముగిసింది.

వేరే నక్షత్రాల నుంచి వచ్చిన మూడో వస్తువు 3ఐ అట్లాస్ గురించి మీ అబ్బాయి బృందం మాట్లాడుకునే ఉంటుంది. 2025 జులై 1న చిలీలోని దూరదర్శిని దాన్ని కనిపెట్టినప్పటి నుంచి అది గ్రహాంతరవాసుల నౌక అన్న ప్రచారం ఆగలేదు. కాని దాని చుట్టూ వాయువులూ ధూళీ కమ్మిన తీరు తోకచుక్కదే. అలా వచ్చినవాటిలో మొదటిదైన 2017 నాటి ఔమువామువా విషయంలో తోక కనిపించకపోయినా స్వల్పంగా వేగం ఎందుకు పెరిగిందన్నది నిజంగానే వాదనకు నిలిచిన ప్రశ్న. ఉత్త ప్రచారానికీ నిజమైన ప్రశ్నకూ తేడా పట్టగలిగిన రోజు ఆ నలుగురి కబుర్లకు పదును వస్తుంది. వాళ్లకు ఒక పని కూడా పెట్టవచ్చు. డిసెంబరు 13, 14 తేదీల మధ్య రాత్రి జెమినిడ్ ఉల్కాపాతం ఉచ్చస్థితిలో ఉంటుంది, ఆగస్టులో వచ్చే పెర్సీడ్ ఉల్కాపాతానికి ఉన్నట్టు దీనికి వానమబ్బుల అడ్డు ఉండదు. నలుగురూ వెల్లకిలా పడుకుని నాలుగు దిక్కులు పంచుకుని, గంటకు ఎన్ని ఉల్కలు కనిపించాయో, మబ్బు ఎంత ఉందో, ఏ నక్షత్రం కన్నా మసకవి కనిపించలేదో రాసుకుని అంతర్జాతీయ ఉల్కా సంస్థకు పంపితే శాస్త్రవేత్తలు ఆ లెక్కలను వాడుకుంటారు. చీకటి కోసం ఊరి చివరకు మాత్రం పంపవద్దు. పులులు తిరిగే జిల్లా మీది, డాబా చాలు. మరునాడు బడి ఉన్న రాత్రుల్లో పది గంటలకు కిందికి దిగాలన్న షరతు కూడా మీరు పెట్టవచ్చు.

ఇప్పుడు ప్రవేశాల విషయం. మైనింగ్ డిప్లొమా మంచి చదువే. దానితో గనిలో అనుభవం సంపాదించి గని పనిని పర్యవేక్షించే ఓవర్‌మన్ సర్టిఫికెట్ దాకా వెళ్లినవారి కుటుంబాలు మీ వీధిలోనే ఉంటాయి. అయినా పదో తరగతి తరువాత అందులో చేరితే పరిశోధన వైపు తిరిగి రావడం బాగా చుట్టుదారి అవుతుంది కనుక, మార్కులు సరిపోతే పదకొండులో సైన్స్ తీసుకోమని నా సలహా. గణితాన్ని ఏ కారణంతోనూ వదలకూడదు. మహారాష్ట్ర బోర్డులో జియాలజీ కూడా ఒక ఐచ్ఛిక విషయంగా ఉంది, కాని దాన్ని చెప్పే కళాశాలలు తక్కువ, అడిగి తెలుసుకోండి. పన్నెండు తరువాత నేను మొదట చూడమనేది ఐసర్లు, అంటే సైన్సు చదువుకూ పరిశోధనకూ కేంద్ర ప్రభుత్వం పెట్టిన విద్యాసంస్థలు. పుణేలోనూ కోల్‌కతాలోనూ 2006 నుంచి ఇవి నడుస్తున్నాయి, రెండింటిలోనూ భూవిజ్ఞాన విభాగాలున్నాయి, అయిదేళ్లలో డిగ్రీ, పీజీ కలిసి వస్తాయి. ప్రవేశ పరీక్షలో 60 ప్రశ్నలు, భౌతిక, రసాయన, గణిత, జీవ శాస్త్రాలకు తలా పదిహేను ఉంటాయి. మీలాంటి సరిహద్దు కుటుంబాలకు ఇందులో ఒక మేలు ఉంది. ఉస్మానియాలోనో ఆంధ్రా విశ్వవిద్యాలయంలోనో సీటు కావాలంటే ఎక్కడ చదివారు, స్థానికులా కాదా అన్న ప్రశ్న వస్తుంది, ఐసర్‌కు ఆ ప్రశ్నే లేదు.

సీటు రాకపోతే కుంగిపోవలసిన పని లేదు. జియాలజీ ఒక విషయంగా బీఎస్సీ చేసి, ఐఐటీల ఉమ్మడి ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష అయిన జామ్ రాసి ఖరగ్‌పూర్ వంటి చోటికి వెళ్లే దారి ఉంది, నాగ్‌పూర్ విశ్వవిద్యాలయంలోనూ జియాలజీ పీజీ విభాగం ఉంది. ఆపైన ఉల్కాశిలల పరిశోధనే చేయాలనుకుంటే అహ్మదాబాదులోని భౌతిక పరిశోధన ప్రయోగశాల, విక్రమ్ సారాభాయ్ 1947లో స్థాపించినది, పీహెచ్‌డీకి తగిన చోటు. ఇస్రో అంటే రాకెట్లే అనుకునే పిల్లలు తిరువనంతపురంలోని అంతరిక్ష శాస్త్ర, సాంకేతిక విద్యాసంస్థ ఐఐఎస్‌టీ వైపు చూస్తారు, దానికి జేఈఈ అడ్వాన్స్‌డ్ కావాలి, మీ వాడి మనసు రాళ్ల మీద ఉంటే అది వాడి మొదటి లక్ష్యం కానవసరం లేదు.

మీవారి భయం జీతం గురించి, అది న్యాయమైన భయం. పరిశోధకుల ఉద్యోగాలు కొద్దిగానే ఉంటాయి, ఆ మాట దాచి ఆశ పెట్టడం నాకు ఇష్టం లేదు. కాని ఎమ్మెస్సీ జియాలజీ చేతిలో ఉన్నవాడు యూపీఎస్సీ నిర్వహించే కంబైన్డ్ జియోసైంటిస్ట్ పరీక్ష రాసి జియలాజికల్ సర్వేలో చేరవచ్చు, భూగర్భ జలాల శాఖలోకి కూడా అదే పరీక్ష. బొగ్గు కంపెనీలు జియాలజిస్టులను తీసుకుంటాయి, ఖనిజాన్వేషణ చేసే ఎంఈసీఎల్ ప్రధాన కార్యాలయం నాగ్‌పూర్‌లోనే ఉంది. అంటే తండ్రి పనిచేసే గనికి కొడుకు జియాలజిస్టుగా వచ్చే వీలు కూడా ఈ దారిలో మూసుకుపోదు. చదువు ఖర్చుకు, పన్నెండులో బోర్డులో పై ఒక శాతంలో నిలిచి మూలశాస్త్రాలు చదివేవారికి ఏడాదికి 80,000 రూపాయల ఇన్‌స్పైర్ ఉపకారవేతనం ఉంది. దరఖాస్తుకు ముందు ఆ ఏటి నిబంధనలు చూసుకోండి. ఈలోగా పదకొండులో ఉండగానే జాతీయ ఖగోళ ఒలింపియాడ్ మొదటి దశ పరీక్ష రాయించండి. గెలుపు కోసం కాదు, వాడి గణితం ఎంత గట్టిదో ఇంట్లో అందరికీ తెలుస్తుంది.

వేసవి సెలవుల్లో వీలైతే అబ్బాయినీ వాళ్ల నాన్ననూ కలిపి బుల్ఢాణా జిల్లాలోని లోణార్‌కు పంపండి. ఉల్క ఢీకొని దక్కను నల్లరాతిలో తొలిచిన దాదాపు 1.8 కిలోమీటర్ల వెడల్పు గొయ్యి అది, నడుమ ఉప్పునీటి సరస్సు ఉంది. దాని వయసు యాభై వేల ఏళ్లని చాలాకాలం అనుకున్నారు, తరువాతి కొలతలు అయిదు లక్షల డెబ్బై వేల ఏళ్ల దాకా చూపాయి. గట్టు మీది రాతి పొరలు ఎటు తిరగబడి ఉన్నాయో గనిలో పొరలు చూసి చూసి అలవాటైన తండ్రి కంటికి కొడుకు కన్నా ముందే కనబడవచ్చు.

టైలు వెనుక గీత ఏ రంగులో పడిందో, సాంద్రత ఎంత వచ్చిందో అబ్బాయినే తన చేత్తో రాసి పంపమనండి. తెలుగు రాయడం రాకపోతే మరాఠీలో రాసినా నేను చదువుకుంటాను.