బుజ్జీ, ఆ మాట ఓగర్ పక్కనే రాయి

బుజ్జీ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మేనకోడలు ఆర్నెల్లు ఉద్యోగం మానేసి ఆట పుస్తకం రాస్తుందట, వెయ్యి కాపీలు అచ్చు వేయిస్తుందట. ఆ పిచ్చి అంటించింది నువ్వే, నువ్వే చెప్పు దానికి" అంది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. పదేళ్ల పిల్లవి, నా పాచికలన్నీ గుప్పెట్లో పట్టుకుని వదలకుండా కూర్చున్న రోజే కళ్ల ముందు ఆడింది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటలో, అదే పాచికలేస్తూ తలా ఒక పాత్రగా ఆడే ఆటలో, కొత్తవాళ్లకి మొదటి మాడ్యూల్, అంటే ఆడించడానికి సిద్ధంగా ఉండే కథ పుస్తకం, రాస్తున్నావంటే నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. భయం కూడా అంతే ఉంది, అందుకే ఈ ఉత్తరం.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. మ్యాప్ విడిగా ఇవ్వు, పేజీలు తిరగేస్తూ వెతుక్కునేలోపు ఆట చల్లారిపోతుంది. రూల్స్ సంగతికి బెంగ లేదు. 2023 జనవరిలో లైసెన్సు మారుస్తామన్నందుకు అంత గొడవ జరిగాక, ఈ ఆట అచ్చేసే విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ వాళ్లు ఎస్‌ఆర్‌డీ 5.1ని, అంటే ఆట మూల రూల్స్‌ని, ఎవరైనా వాడుకునేలా క్రియేటివ్ కామన్స్ కింద వదిలేశారు. రూల్స్ వాళ్లవేనని చెప్పే, వాళ్లు అడిగిన వాక్యం పుస్తకంలో వెయ్యి, అట్ట మీద మాత్రం డంజన్స్ అండ్ డ్రాగన్స్ అన్న పేరు పెట్టకు. వెయ్యి కాపీలు వద్దే తల్లీ. ముందు పీడీఎఫ్ పెట్టు, అడిగేవాళ్లుంటే వంద వేయించు. అమ్ముడుపోని పుస్తకాల కట్టలు మంచం కింద పెట్టుకుని పడుకోవడం మీ అమ్మ చూడలేదు, నేను చూశాను.

ఇక నేను నేర్చుకున్న పుస్తకం సంగతి. నేను అమెరికాలో, మాడిసన్‌లో చదువుకునే రోజుల్లో, ఈ ఆట పుట్టిన లేక్ జెనీవా మాకు కారులో గంటన్నర దూరం. కొత్తవాళ్ల కోసం అమ్మే బేసిక్ సెట్ పెట్టెలో మొదట మైక్ కార్ రాసిన బీ1 అనే మాడ్యూల్ ఉండేది. గదులన్నీ ఉంటాయి గానీ చాలా గదుల్లో ఏ రాక్షసుడుండాలి, ఏ నిధి ఉండాలి అన్నది డీఎమ్మే, అంటే ఆట నడిపేవాడే, నింపుకోవాలి. నేర్పడానికి అది మంచి ఉపాయమే. కానీ తర్వాత దాని స్థానంలోకి, ఈ ఆట సృష్టికర్తల్లో ఒకడైన గేరీ గైగాక్స్ రాసిన బీ2, 'ద కీప్ ఆన్ ద బోర్డర్‌ల్యాండ్స్' వచ్చింది. 1981లో టామ్ మోల్డ్‌వే కొత్త సెట్ తయారుచేసినప్పుడు కూడా పెట్టెలో ఉన్నది బీ2నే. ఒక కోట, దానికి కాస్త దూరంలో ఒక లోయ, లోయ గోడల నిండా గుహలు. ఒకదాంట్లో కోబోల్డ్‌లు, పక్కదాంట్లో గాబ్లిన్లు, ఇంకోచోట ఓర్క్‌లు, అన్నీ రాక్షస జాతులే. అంతే కథ. ఈ ఆటని మొదట అచ్చేసిన టీఎస్‌ఆర్ కంపెనీని విజార్డ్స్ కొనేశాక 1999లో మళ్లీ ఆ కోటకే వెళ్లారు, 2012లో ఐదో ఎడిషన్‌ని జనం చేత పరీక్ష చేయించినప్పుడు ఆ గుహలే ఇచ్చారు, 2025 స్టార్టర్ సెట్ పేరులో కూడా ఆ బోర్డర్‌ల్యాండ్సే.

అలాంటి పుస్తకం చేతిలో పెట్టుకుని నేను చేసిన పని విను. ఇది మీ అమ్మకి కూడా చెప్పలేదు.

1985 చలికాలం. వంటింటి బల్ల చుట్టూ ఐదుగురం. అందులో గుంటూరు నుంచి ఆ సెమిస్టరే వచ్చిన కుర్రాడొకడు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవాడు కాదు. మాంత్రికుణ్ణి తీసుకుని వాళ్ల ఊరి బళ్లో పంతులు పేరు పెట్టుకున్నాడు, సోమయ్య అని. ఆ సోమయ్యకి మూడే హిట్ పాయింట్లు, ఒక్క దెబ్బకి పోయేంత ప్రాణం.

బీ2లో ఆట మొదట్లో ఒక్కొక్కరికీ కోటలో విన్న పుకార్లు చెప్పాలి. కొన్ని నిజం, కొన్ని అబద్ధం. వాడికి పడింది, 'బ్రీ-యార్క్ అంటే గాబ్లిన్ల భాషలో లొంగిపోతున్నాం అని' అన్నది. అది అబద్ధపు పుకారు. గాబ్లిన్లు అలా అరిచి, పక్క గుహలో ఉన్న ఓగర్ అనే భారీ జీవికి రెండువందల యాభై బంగారు నాణేల సంచి విసిరి సాయానికి పిలుస్తాయి. వాళ్లు అరవగానే ఈ అబ్బాయి లేచి నిలబడ్డాడు. "ఆగండి, వాళ్లు లొంగిపోతున్నారు" అని అందరినీ ఆపాడు. చేతిలో బాకు కింద పెట్టానన్నాడు. రెండు చేతులూ పైకెత్తి ముందుకి నడుస్తున్నానన్నాడు. అన్నాళ్లలో వాడు అంత గట్టిగా మాట్లాడడం అదే మొదలు. నేను పుస్తకంలో ఉన్నట్టే చదివాను. ఓగర్ వచ్చింది, పాచిక వేశాను, సోమయ్య పోయాడు. బల్ల చుట్టూ నవ్వారు. నేనూ నవ్వాను.

వాడు క్యారెక్టర్ షీట్ నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. లేచి వెళ్లి సింక్‌లో గిన్నెలు తోమాడు. మళ్లీ ఆ బల్ల దగ్గరికి రాలేదు. ఇంకో పాత్ర తీసుకోరా అని నేను అడగనే లేదు.

రెండు మూడేళ్ల తర్వాత అదే పుస్తకం మొదటి పేజీలు సరిగ్గా చదివాను. ఆటగాళ్లకి బతికే అవకాశం తగినంత ఇవ్వమని గైగాక్స్ డీఎమ్‌కి అక్కడే చెప్పాడు. ఎదుటివాళ్లు స్నేహంగా ఉంటారా, మీద పడతారా అని రెండు పాచికలేసి చూసే పద్ధతి రూల్‌బుక్‌లోనే ఉంది. అవన్నీ దాటేసి నేను నేరుగా గుహల్లోకి దూకాను. కొత్త డీఎమ్‌లందరూ అంతే బుజ్జీ, నువ్వూ అలాగే చేశావు, నేను చూశాను. ముందుమాటలో ఎంత ప్రేమగా రాసినా అది ఆట నడిపేవాడికి అందదు. ఏ మాట ఎప్పుడు కావాలో ఆ గదిలోనే రాయి. ఓగర్ ఉన్నచోటే, దాని హిట్ పాయింట్ల పక్కనే, 'ఎవరైనా ఆయుధం కింద పెడితే ఇది ఏం చేస్తుంది' అని రాయి. 2014 స్టార్టర్ సెట్‌లో మొదటి పోరు చూడు. దారిలో గాబ్లిన్లు కాపు కాసి ఉంటాయి. ఆటగాళ్లు ఓడిపోతే చంపవు, స్పృహ తప్పినవాళ్లని దోచుకుని వదిలేసి పోతాయి. ఆ మాట సరిగ్గా ఆ పోరు దగ్గరే రాసి ఉంది. అది చదివిన రోజు నాకు ఆ వంటిల్లు గుర్తొచ్చి కాసేపు పుస్తకం మూసేశాను.

అచ్చుకి ఇచ్చే ముందు ఈ ఆట ఎన్నడూ ఆడనివాళ్ల చేతికి నీ మాడ్యూల్ ఇచ్చి, నువ్వు పక్కన కూర్చుని నోరు మూసుకుని చూడు. అడిగినా సాయం చేయొద్దు. వాళ్లు ఎక్కడ తడబడితే అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టు. ఒక్కసారి కాదు, నాలుగైదు బల్లల దగ్గర. నీకు తొందరెక్కువ, చిన్నప్పటి నుంచీ అంతే, అన్నం ఉడకక ముందే మూత తీసే రకం. ఈ ఒక్కదాంట్లో నా మాట విను.

డబ్బు సంగతి మొహమాటపడకు. వంద కాపీలకి కావాల్సింది నేను పంపిస్తాను, మీ అమ్మకి చెప్పక్కర్లేదు.

నా బీ2 కాపీ ఈ ఉత్తరంతోనే పోస్టు చేస్తున్నాను. అట్ట లోపలి నీలం మ్యాప్ అంచులు చిరిగాయి, జాగ్రత్తగా విప్పు. ఆ కోటలో ఎవరికీ పేర్లుండవు, కోటాధిపతి, పూజారి, కాపలావాడు అని మాత్రమే ఉంటుంది. పేర్లు డీఎమ్ పెట్టుకోవాలి. కోటాధిపతి పక్కన నేను పెన్సిల్‌తో సోమయ్య అని రాసుకున్నాను. దాన్ని చెరపకు.

మీ మావయ్య